మానడం ఆపని గాయం

మా కోడలు పుస్తెలతాడును పళ్ల మధ్య పట్టుకొని పని చేసుకోవడం నేను మొదటిసారి చూసింది ఉగాది దాటిన రెండో సోమవారం. తేదీలు గుర్తుపెట్టుకోవడం నా అలవాటు. ఎవరికి జ్వరం ఎప్పుడు వచ్చిందో, గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో మా ఇంట్లో నన్నే అడుగుతారు.

సూరత్‌లో, డిండోలీలో, రెండో అంతస్తులో మా గది. కొడుకు మరమగ్గాల మీద పని చేస్తాడు. కోడలు దుకాణం నుంచి చీరల మూటలు తెచ్చి, ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించి తిరిగి ఇస్తుంది. నేనూ పక్కన కూర్చుంటాను. ఆమె మూడు చీరలు ముగించేసరికి నాది ఒకటి అవుతుంది. ఆ రోజు నేను ఏదో అడిగితే "ఊఁ" అంది. మళ్లీ అడిగితే మళ్లీ "ఊఁ". తలెత్తి చూస్తే నోట్లో తాడు.

"ఏంది బిడ్డా, పుస్తెలతాడు నములుతున్నవ్? అంత ఆకలైతుందా?"

తాడు వదిలి నవ్వింది. "వంగితే చీరల దారాలకు తట్టుకుంటుందత్తమ్మా."

నమ్మాను.

అంతకు ముందటి వానాకాలంలో, చీరల మూట భుజాన పెట్టుకొని దిగుతూ ఆమె తడి మెట్ల మీద జారింది. మెడకూ భుజానికీ మధ్య అడ్డంగా ఉండే ఎముక విరిగింది. దవాఖానలో కోసి, లోపల లోహపు పట్టీ పెట్టి మరలు బిగించారు. కుట్లు విప్పిన నాడు మచ్చ సన్నటి గీత, నా చూపుడువేలంత పొడవు. చక్కగా మానిందని అందరం సంతోషించాం.

పతంగుల పండుగ నాటికి ఆ గీత లేచింది. మొదట బియ్యపు గింజంత ఒకచోట, తర్వాత పొడవునా. చింతగింజ రంగు, చింతగింజ నునుపు. కత్తి తగలని చోటికి కూడా పాకింది. దురద, మంట. కొంగు తగిలినా ఉలిక్కిపడేది. మాకు తెలిసిన వైద్యం పసుపు. శుక్రవారం తలస్నానం చేసి పుస్తెలతాడుకు పసుపు రాసుకోవడం ఆమెకు ఎలాగూ అలవాటే. అదే చేత్తో మచ్చకూ రాసేది. కింది గదిలో ఉండే ఆమె, మా నిజామాబాదు వైపు మనిషే, వచ్చి చూసి, "లోపల ఇనుము పెట్టిండ్రు గద, తుప్పు పైకి తేలుతుంది" అని తేల్చేసింది. కోసి తీయించేద్దామని నా కొడుకు.

హోలీ దాటాక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. తిరిగొచ్చి ఆమె మాటలు నాకు చెప్పాడు. కోస్తే ఇంతకంటే పెద్దది లేస్తుందట. దీన్ని కిలాయిడ్ అంటారట. కొందరి ఒంటి తీరే అంత, ఎవరి తప్పూ కాదట. "గాయం మానిందమ్మా. ఎక్కడ ఆపాల్నో ఈ చర్మానికి తెలుస్తలేదట" అన్నాడు. నాలుగు వారాలకోసారి ఆ మచ్చలోకే సూది వేస్తారు. సూది చూస్తే వాడికి కళ్లు తిరుగుతాయి. అందుకని సూది వేళకు బయట నిలబడేవాడు. లోపల డాక్టరమ్మ ఇంకేం చెప్పిందో కోడలొక్కదానికే తెలుసు.

మూడోసారికి వాడికి పగటి డ్యూటీ పడింది. నేను వెంట వెళ్లాను. నాకు గుజరాతీ కూరగాయల బేరం వరకే వచ్చు. హిందీ మాత్రం ఎదుటివాళ్ల కోపం అర్థమయ్యేంత వచ్చు.

డాక్టరమ్మ మచ్చను వేలితో నొక్కి చూసింది. దాని మీదుగా పోతున్న తాడును చూసింది.

"ఇది ఇంకా మెడలోనే ఉందా? రెండుసార్లు చెప్పాను. ఇది రాసుకుంటూ ఉంటే నా సూది ఏం పని చేస్తుంది?" అని నా వైపు తిరిగింది. "మీరు అత్తగారా? తీయవద్దన్నది మీరేనా?"

నేను నోరు తెరిచేలోపే కోడలు, "లేదు మేడమ్, మా అత్తమ్మకు ఈ సంగతే తెలియదు" అంది.

తాడును వేళ్ల మధ్య పట్టుకొని చూశాను. పసుపు మీద పసుపు ఎండి, గంజి ఎక్కువైన నూలులా బిర్రుగా, గరుకుగా ఉంది. ముందువైపు పంటి గాట్లు. మేం నేతవాళ్లం. అంత బిర్రు దారం పక్కదాన్ని ఒరిపిడితో కోసేస్తుందని మా ఇళ్లలో పసిపిల్లలకూ తెలుసు. కానీ అది పుస్తెలతాడు, పైన ఉన్నది పసుపు. దాన్ని దారంగా ఎవరం చూడలేదు.

సూది దిగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు గుచ్చుకున్నాయి. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాం.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే మీరు ఆ నిమిషమే తీయిస్తరు. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు కావాలె మీకు. గోలీ జర ఆలస్యమైతేనే ఊకోరు."

"తీస్తే ఏమైతది?"

ఆమె రోడ్డు వైపు చూసింది. "ఆపరేషన్ నాడు నర్సమ్మ తీసింది. రెండు రోజులు మెడల లేకుండె. ఆ రెండో రోజే గద మీ కొడుకు బండి మీదికెళ్లి పడ్డది."

"వాడు పడ్డది టైరు అరిగి. వానలు మొదలుగాక ముందు నుంచి మార్చు మార్చని మొత్తుకుంటున్న. గడ్డానికి కుట్లు పడ్డంక మార్చిండు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీ మెడ చూసిన గదత్తమ్మా. నా పెండ్లయి ఏడాది గూడ కాలే అప్పటికి. మామయ్య పోయిన పదో దినం అందరు మీ చుట్టూ చేరి తీస్తుంటే నేను పక్కనే ఉన్న. అది నా కండ్లల్ల నుంచి పోతలేదు."

ఆ రోజు ఎవరెవరు ఉన్నారో నాకు గుర్తే. గడపకు ఆనుకొని, చేతులు కొంగులో దాచుకొని నిలబడ్డ ఈ పిల్ల కూడా గుర్తే. ఏం చూసిందో మాత్రం నేను ఎన్నడూ అడగలేదు.

"బిడ్డా, నా తాడు ఆయన పోయేదాకా మెడలనే ఉండె. ఒక్క శుక్రవారం పసుపు తప్పలే. ఏం ఆపింది చెప్పు?"

"మీరు చెప్పేది నిజమే. నాకు భయమైతది."

అంతే అంది. నిజమని ఒప్పుకొని కూడా భయపడుతున్న మనిషితో ఇంకేం వాదిస్తాం? బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. ఆమె చెయ్యి మళ్లీ మెడ దగ్గరికి పోయి, తాడును మచ్చ మీది నుంచి ఎత్తి పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా అట్లాగే పట్టుకొని ఉంది. దిగేముందు నేనన్నాను:

"మెడల ఉండద్దన్నది డాక్టరమ్మ. ఒంటి మీదనే ఉండద్దనలే గద."

ఆ శుక్రవారానికి నూలు పోగులు తొడ మీద పేని మెత్తటి తాడు చేశాను. తెల్లతాడు కట్టకూడదు కాబట్టి పసుపు నీళ్లలో ఒకసారి ముంచి ఆరబెట్టాను. పైన పూయలేదు. పొద్దున కొడుకు స్నానం చేసి వచ్చాక, పాతది వాడినే విప్పమన్నాను. నా చేతులతో విప్పే పని కాదది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు. వాడు విప్పుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. రెండు పుస్తెలు, పుట్టింటిదొకటి, మా ఇంటిదొకటి, కొత్త తాడుకు ఎక్కించి, మోచేతి పైన దండచేతికి కట్టమన్నాను. ముడి పడదే!

"పొద్దుగాల లేస్తే తెగిన పోగులు ముడేసుడే గదరా నీ పని. గిదొక్కటి రాదా?"

"అది మగ్గమమ్మా. అది గిట్ల నా మొకం దిక్కు సూడది."

కోడలు కళ్లు తెరిచింది. "పెండ్లిల గూడ గిట్లనే చేసిండు అత్తమ్మా. ఆడిబిడ్డ సాయం పట్టకుంటే మూడో ముడి పడకపోవు."

ముగ్గురం నవ్వాం. ముడి పడింది.

ఆ తర్వాత కొన్ని రోజులు, వాడు డ్యూటీ నుంచి వచ్చే వేళకు ఆమె గది ముందు గ్యాలరీలో నిలబడేది. వాడు వచ్చేవాడు. మరునాడూ నిలబడేది. వచ్చేవాడు. ఒక రోజు కూర పొయ్యి మీద ఉండి నిలబడడం మరిచిపోయింది. వాడు ఆ రోజూ వచ్చాడు.

కింది గది ఆమె ఊరుకుంటుందా? "ఏందే, మెడ బోసిగున్నది?" అంది మెట్ల మీద ఆపి. కోడలు రవికె చెయ్యి పైకి జరిపి చూపించింది.

"ఇదేం ఫ్యాషనే?"

"సూరత్ ఫ్యాషన్ అక్కా. నీక్కూడ కట్టుమంటవా?"

తర్వాతి రెండు సూదులకు మచ్చ మెత్తబడింది. ఒక చివర చర్మంతో సమంగా దిగింది కూడా. రెండో చివర ఇంకా లేచే ఉంది. పూర్తిగా పోతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు, మేమూ అడగలేదు. పైన అతికించడానికి జెల్లీ లాంటి మెత్తటి పట్టీ ఇచ్చింది. దాన్ని కొలతకు కత్తిరించడం నా పని. మచ్చ అంచులు వంకర కాబట్టి ముందు కాగితం మీద కత్తిరించి చూసుకుంటాను. నిన్న కూడా స్నానమయ్యాక ఆమె నా ముందు చాప మీద కూర్చుంది. పట్టీ వేసి, గాలి నిలవకుండా అరచేత్తో అదిమాను. మచ్చ వెచ్చగా తగిలింది.

"నొప్పి లేదు గద?" అన్నాను.

"లేదు. చెయ్యి జరసేపు అట్లనే ఉంచుండ్రి అత్తమ్మా" అంది.

ఉంచాను.