కార్డు లేని వాచీ

పోయిన వారం గోడగడియారానికి సెల్లు కొనుక్కుందామని మదనపల్లె బజారులో ఒక వాచీల కొట్టుకు వెళ్లాను. అద్దాల బల్ల దగ్గర నా ఈడు అమ్మాయి ఒకామె, పక్కన ఆమె తమ్ముడు కాబోలు, ఖరీదైన వాచీ ఒకటి ముందు పెట్టుకొని వాదులాడుకుంటున్నారు. కంపెనీ వారంటీ కార్డుతో అయితే ఒక ధర, కార్డు లేకుండా కొట్టాయన మాట మీద అయితే చాలా తక్కువ ధర. మిగిలిన డబ్బుతో ఇంకేదైనా చేసుకోవచ్చు కదా అని తమ్ముడు, రేపు అది ఆగిపోతే ఎవరి ముఖం చూస్తావని అక్క. ఎంతకీ తెగక ఆమె నా వైపు తిరిగి, "మీరైతే ఏది తీసుకుంటారక్కా?" అని అడిగింది. కొత్తవాళ్లు పలకరిస్తే నాకు చిన్నప్పటి నుంచీ నోరు పెగలదు. నవ్వినట్టు ముఖం పెట్టి, సెల్లు తీసుకొని, మెట్లు దిగి వచ్చేశాను.

ఆమెకు చెప్పలేకపోయింది ఇక్కడ రాసుకుంటున్నాను. ఇది ఆమె ప్రశ్నకు జవాబు కాదు, జవాబు నా దగ్గర లేదు. అదే బేరం ఒకప్పుడు మా ఇంట్లో ఎలా తెగిందో, ఆ తర్వాత ఏమైందో మాత్రం చెప్పగలను. చదువు ముగించి, చిన్న ఉద్యోగంలో చేరి, మొదటిసారి చేతిలో సొంత డబ్బు చూసుకున్న నా తోటివాళ్లకు ఇందులో సగమైనా తెలిసిన సంగతే అయి ఉంటుంది.

అప్పుడు నేను అంగళ్లు దగ్గర ఒక కాలేజీ గ్రంథాలయంలో సహాయకురాలిగా కొత్తగా చేరాను. పుస్తకాలకు ముద్రలు కొట్టడం, వీపు చినిగినవాటికి అట్టలు అంటించడం, పిల్లలు ఎక్కడంటే అక్కడ పెట్టి పోయినవాటిని మళ్లీ వాటి వరుసలో సర్దడం నా పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర లేకుండా రోజంతా పుస్తకాల మధ్య గడిపే ఆ ఉద్యోగం నాకోసమే పుట్టినట్టు ఉండేది. మదనపల్లెలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ ఆదివారాలు చౌడేపల్లె దగ్గరి మా ఊరికి వెళ్లివచ్చేదాన్ని. దూరవిద్యలో గ్రంథాలయ శాస్త్రం చదివితే ఆ కొలువు గట్టిపడుతుందని అక్కడి పెద్దలు చెప్పగా, జీతంలో ప్రతి నెలా కొంత పక్కన పెడుతూ వచ్చాను. అయితే ఆ పొదుపులోంచే నాయనకు ఒక వాచీ కొనాలని కూడా మనసులో ఉండేది.

మా నాయన పాడి పశువుల మనిషి. మా ఇంటి కొట్టంలో నాలుగైదు ఆవులు ఎప్పుడూ ఉండేవి. వాటి పాలు పోయడమే కాక, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆవును అమ్మాలన్నా కొనాలన్నా ఆయన్ను వెంటబెట్టుకొని పుంగనూరు సంతకు పోయేవాళ్లు. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకొని ధర మాట్లాడే ఆ బేరాలను చిన్నప్పుడు ఆయన భుజం పక్కన నిలబడి చూసేదాన్ని. పైకి గుడ్డ మాత్రమే కదిలేది, ముఖాల్లో ఏమీ తెలిసేది కాదు. ఒకసారి పొట్టి ఆవుల కోసం బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చేతికి ఉన్న వాచీని నాయన చూశాడట. దానికి సెల్లు లేదు, కీ ఇవ్వనక్కర లేదు, చెయ్యి ఆడుతుంటే చాలు అదే తిరుగుతుంది. ఆ పెద్దమనిషి దాన్ని తీసి నాయన చెవి దగ్గర పెట్టాడట. ఆ సంగతి ఆయన ఎన్నేళ్లు చెప్పుకున్నాడో. తనకంటూ ఒక చొక్కా రంగైనా కోరి ఎరుగని మనిషి, ఆ వాచీ మాట వస్తే మాత్రం చిన్నపిల్లవాడిలా ఎడమ మణికట్టును తిప్పి చూపించేవాడు.

కొందామని నేను చెప్పిన రోజు అమ్మ కసిరింది. "టైము సూసుకునేదానికి అంత దుడ్డా? మీ నాయనకు పొద్దు సూసి సెప్పను రాదా?" అంది. నాయన మాత్రం ఆ ఆదివారం గడ్డం చేసుకొని తయారై కూర్చున్నాడు.

కుప్పంలో ఒకాయన బెంగళూరు నుంచి ఇలాంటి వాచీలు తెప్పించి అమ్మేవాడు. వాళ్ల నాన్నది వెంకటగిరికోట, ఒకప్పుడు మా నాయన దగ్గర ఆవులు కొన్నవాడు. పుంగనూరులో ఒక బస్సు, పలమనేరులో ఒక బస్సు మారి వెళ్లాం. కొట్టాయన వాచీని గుడ్డ మీద పెట్టి రెండు ధరలు చెప్పాడు. కార్డుతో అయితే బెంగళూరు షోరూము నుంచి తెప్పించాలి, ఆ ధరకు నా పొదుపు మొత్తం ఊడ్చుకుపోతుంది, ఆ యేడు చదువు మాట ఎత్తక్కర లేదు. కార్డు లేకుండా తీసుకుంటే చదువుకు కట్టాల్సింది చేతిలో మిగులుతుంది. నేను ఈ వాచీల గురించి ముందే అన్నీ చదువుకొని వెళ్లాను. కార్డు లేకపోతే కంపెనీవాళ్లు ముట్టుకోరని, విడిభాగాలు దొరకవని నాయనకు చెవిలో చెప్పి చూశాను. చదువు వచ్చే యేడు చదువుకుంటానన్నాను. ఆయన నా మాట విని, కొట్టాయన వైపు తిరిగి, సంతలో అడిగినట్టే అడిగాడు.

"ఏమప్పా, పాలు పిండి సూసుకోకుండా ఆవును తోలుకొని పోతారా యాడన్నా? నాలుగు దినాలు కట్టుకొని సూస్తా. ఆడితే మాదే. ఆడకుంటే నీదే."

కొట్టాయన పగలబడి నవ్వాడు. "సరే తోలుకొని పో పెద్దాయనా! తన్నితే మాత్రం నన్ను అడగొద్దు," అన్నాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. మావైపు పాడి ఆవును కొన్నవాడు దాన్ని ఇంటికి తోలుకుపోయి కొన్ని పూటలు పాలు పిండి చూసుకుంటాడు. చెప్పినన్ని ఇవ్వకపోతే, తన్నితే, మారు మాట లేకుండా వెనక్కి తీసుకుంటారు. కానీ ఆ గడువు దాటి డబ్బు చేతులు మారిందా, ఇక ఆ ఆవు మంచీ చెడూ కొన్నవాడిదే. ఆ తర్వాత కొట్టంలో అది కూలబడినా సరే, అమ్మినవాడి వాకిట్లోకి పోయి నిలబడడం మా వాళ్లలో తలవంపు. నాయన జీవితమంతా ఈ పద్ధతి మీదే నడిచింది. ఎవరి దగ్గరా కాగితం అడిగి ఎరుగడు, అడగడం ఎదుటివాడిని దొంగ అన్నట్టని ఆయన నమ్మకం. చెప్పిన నాలుగు దినాలూ వాచీ చక్కగా ఆడింది. ఆయనే మళ్లీ కుప్పం వెళ్లి డబ్బు ఇచ్చి వచ్చాడు. నేను చదువుకు డబ్బు కట్టాను.

ఆ తర్వాతి కొన్ని నెలలు మా ఇంట్లో ఎంత సంతోషంగా ఉన్నాయో చెప్పాలంటే నాకు మాటలు తక్కువ. నాయన పాలు పిండేటప్పుడు వాచీని తీసి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకునేవాడు. పేడ ఎత్తేటప్పుడు మాత్రం కావాలని ఉంచుకునేవాడు, చెయ్యి బాగా ఆడితే దానికి మేత వేసినట్టని. సంతలో ఎవరైనా టైము అడిగితే వెంటనే చెప్పకుండా, చొక్కా చెయ్యి నిదానంగా పైకి లాగి, "ఏం పని ఉండాదప్పా నీకు, అంత తొందర?" అని ఒక మాట అని అప్పుడు చెప్పేవాడట.

తర్వాత ఒక ఆదివారం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "ఆ వాచీ వెనకబడతాండాది పాపా. పాల వ్యాను రాంగానే డ్రైవర్ని టైము అడిగి తిప్పుకుంటాండాడు. రాత్రి నిలబడిపోతాది, తెల్లారి ఊపుకుంటాడు. నీకు సెప్పొద్దన్నాడు." అది ఎన్నాళ్లుగా అని అడిగితే, ఎండాకాలం నుంచి అంది. అప్పటికి వానలు పడి వేరుశనగ పీకుతున్నారు.

నాకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది. కార్డు ఉండి ఉంటే ఈపాటికి కంపెనీవాళ్లకు ఇచ్చేసి ఉండేవాళ్లం కదా, కనీసం కుప్పం వెళ్లి కొట్టాయన్నైనా అడగలేదేమని నాయనను నిలదీశాను. ఆయన నేల చూస్తూ అన్నాడు: "పాలు సూసుకొని తోలుకొచ్చుకుంటిమి. ఇన్ని నెలలైనాక మళ్లీ ఏ ముఖం పెట్టుకొని పోయేది? నవ్వరా?" నేను వినలేదు. వాచీని ఆయన చేతి నుంచి నేనే విప్పుకొని, మరుసటి సెలవు రోజు ఒక్కదాన్నే కుప్పం వెళ్లాను. కొత్తవాళ్లతో మాట్లాడలేని దాన్ని, ఆ రోజు ఎలా మాట్లాడానో నాకే తెలియదు.

కొట్టాయన పేచీ పెట్టలేదు. వాచీని ఉంచమన్నాడు, తనే కట్టుకొని చూస్తానన్నాడు. వారం తర్వాత వెళితే చేతిలో పెట్టి, "దీనికేమీ రోగం లేదమ్మా. నా సేతికి నిమిషం తప్పకుండా ఆడింది. మీ నాయన కట్టుకునేది మర్చిపోతాండాడేమో సూడు," అన్నాడు. నమ్మలేక నేనే కట్టుకున్నాను. పలమనేరు దాకా బస్సులో చూస్తూనే ఉన్నాను. హాస్టల్లో చూశాను, గ్రంథాలయంలో చూశాను. ఆ వారమంతా అది తిరుగుతూనే ఉంది. ఆదివారం ఇంటికి తెచ్చి నాయన చేతికి కట్టాను. సోమవారం తెల్లవారి చూస్తే ఆగిపోయి ఉంది.

నేను ఆ ఉదయం బస్సుకు పోలేదు. కొట్టం గుంజకు ఆనుకొని నాయన పాలు పిండడం చూశాను. ఆయన కుడిచెయ్యి ఒక్కదానితోనే పిండుతున్నాడు. ఎడమ చెయ్యి ఆవు డొక్కకు ఆనించి ఉంది. పని అయ్యాక దాన్ని కుడిచేత్తో పట్టుకొని ఒడిలో పెట్టుకున్నాడు. బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ లోపలికి గుంటపడి ఉంది. ఇది ఎప్పటి నుంచి నాయనా అని అడిగితే, తనకే కొత్తగా కనపడినట్టు చూసుకొని, "నొప్పి లేదు గదమ్మా, తిమ్మిరి అనుకున్యా," అన్నాడు.

అది కీ ఇచ్చే వాచీనో, సెల్లు వాచీనో అయి ఉంటే మాకు ఆ మాత్రం కూడా తెలిసేది కాదు. ఆ చెయ్యి ఆడడం లేదని నెలల తరబడి అది చెబుతూనే వచ్చింది. మేం మాత్రం కార్డు గురించి, బేరం గురించి, ముఖం చెల్లకపోవడం గురించి మాట్లాడుకుంటూ ఉండిపోయాం. ఇంట్లో ఎవరికైనా అనుమానం వచ్చిందంటే అది వాచీ మీదే వచ్చింది. నాయన చేతుల మీద అనుమానం ఎవరికి వస్తుంది?

మదనపల్లె డాక్టరు చూసి బెంగళూరుకు పంపాడు. మెడ దగ్గర ఎముక ఒత్తుకొని నరం నలిగిందని, ఆపరేషను చేస్తే కుడిచేతికి పాకకుండా ఆపవచ్చని, ఎడమచేతిలో పోయింది మాత్రం ఇక రాదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఎండాకాలంలోనే వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. ఆయన కాసేపు స్కానింగు ఫిల్ములను దీపానికి పట్టి చూశాడు. అప్పుడు వేరుగా ఉండేదేమోనమ్మా అన్నాడు. ఆ "ఏమో" నాకు దయగా అన్నాడో, నిజంగానే తెలియక అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆపరేషను ఖర్చుల కోసం వాచీని కుప్పం కొట్టాయనకే తిరిగి అమ్మాం. మంచి మనిషే, ఇవ్వగలిగింది ఇచ్చాడు. కార్డు ఉండి ఉంటే ఇంకా పలికేదని మాత్రం నొచ్చుకుంటూ చెప్పాడు. నేను ఆ చదువులో రెండో విడత పరీక్షలకు వెళ్లలేదు. మళ్లీ ఫీజు కట్టడం కుదరలేదు. గ్రంథాలయంలో గట్టి కొలువుకు ఆ చదువు ఉన్న వేరొకామె వచ్చింది, నేను ఇప్పటికీ ముద్రలు కొడుతున్నాను.

ఇప్పుడు కొట్టంలో ఆవులు లేవు, ఒంటిచేత్తో పోషించలేక ఒక్కొక్కటే అమ్మి తోలేశాం. సంతకు పోయేవాళ్లు కూడా మునుపటిలా మా వాకిట్లో ఆగి పిలవరు. ఆవు నడిచేది, పొదుగు, పళ్లు అన్నీ ఫోనులో వీడియో తీసి పంపుకుంటున్నారు, ధర అందరికీ వినపడేలా చెప్పుకుంటున్నారు. తుండుగుడ్డ కింద ఇంకొకరి వేళ్లు పట్టుకొని మనసు చదివే విద్య ఇక ఎవరికీ అక్కర లేదు. దాన్ని ఎవరికీ నేర్పకుండానే నాయన అరుగు మీద కూర్చున్నాడు.

ఆదివారాలు ఆయన పక్కన కూర్చొని, ఆసుపత్రిలో చూపించినట్టు ఆ ఎడమ చేతిని పైకి ఎత్తుతాను, దించుతాను, ఒక్కో వేలూ విడదీసి మడుస్తాను. ఇలా చేస్తే కీళ్లు బిగుసుకోవని అంటారు కానీ, కదలిక వస్తుందని ఎవరూ అనలేదు. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. అయినా నాయన నేను చేసినంతసేపూ ఓపికగా చెయ్యి నాకు అప్పగించి, వీధిలో పోతున్న ఆటోల వైపు చూస్తూ ఉంటాడు. నేను ఎత్తితే లేస్తుంది. దించి వదిలేస్తే, నేను ఎక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది.