సౌండక్క చెవులు

ఆమెను అందరూ సౌండక్క అనేవారు. సభలకూ పాటకచేరీలకూ మైకులు, స్పీకర్లు పెట్టడమే ఆమె బతుకు. మైకు స్పీకరుకు ఎదురుపడితే, అందులోంచి వచ్చే తన శబ్దాన్నే మళ్లీ అందుకుని ఈల వేస్తుంది. ఆ ఈల పుట్టకముందే సౌండక్క వేలు మీట మీద ఉండేది. తమ్ముడు వైర్లు లాగి, స్పీకరు పెట్టెలు వేలాడదీసేవాడు. శబ్దాల హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సరు ముందు కుర్చీ మాత్రం ఆమెదే.

కొన్నాళ్లుగా పాటలన్నీ దుప్పటి ముసుగులోంచి వచ్చినట్టు వినబడసాగాయి. స్పీకర్లు పాతబడ్డాయనుకుని ఆమె కీచుగా పలికే సన్న శబ్దాల మీట పైకి తోసేది. ముందు వరసలో వాళ్లు మొహాలు చిట్లించేవారు.

"అక్కా, గాజుపెంకుతో గీకినట్టుంది" అన్నాడు తమ్ముడు ఒకసారి.

"నీ చెవులు మరీ సుకుమారమైపోయాయిరా" అని తేల్చేసింది.

ఇంట్లో బట్టల మెషీను కీచుకీచుమని పిలిచినా వినబడక, తడిబట్టలు అందులోనే ముక్కిపోతున్న సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంది.

ఆ మధ్యాహ్నం ఒక పాత హాల్లో మైకులు సరిచూస్తున్నారు. గాయని వేదిక మధ్యలో నిలబడి పాడుతోంది. ఆమె నెత్తిమీద, ఇనుప దూలానికి హాలువాళ్ల పాత కొక్కేలతో, బరువైన స్పీకరు పెట్టె వేలాడుతోంది. గాయని పాట ఆపింది.

"పైన ఏదో కీచుమంటోందండీ."

సౌండక్క చెవులు రిక్కించింది. ఏమీ లేదు.

"ఫ్యానేమోనమ్మా. మీరు కానివ్వండి."

అనేసి తలెత్తి చూసింది. ఫ్యాన్లేవీ తిరగడం లేదు.

ఆమె మిక్సరు వదిలి లేచింది. "తల్లీ, ముందు కిందికి దిగు" అంది. గాయని దిగాక, వరండాలో ఉన్న తమ్ముణ్ణి పిలిచి మెల్లగా అడిగింది.

"నీకేమన్నా వినబడుతోందా?"

"నీకు వినబడట్లేదా?" అన్నాడు వాడు. అక్క మొహం చూశాడు. గబగబా వేదికెక్కి, తల పైకెత్తి, చప్పుడు ఎటునుంచో వెతుకుతూ పెట్టె కిందికే వెళ్లాడు.

"ఒరే, పక్కకి రా" అంటూనే ఉంది. స్పీకరు అదిరినప్పుడల్లా కాస్త కాస్తగా విచ్చుకున్న కొక్కెం అప్పుడు పూర్తిగా విడిపోయింది. పెట్టె వాడి కుడి భుజాన్ని రాసుకుంటూ పడి వేదిక చెక్కల్ని చీల్చింది. ఆ చప్పుడు ఆమెకూ వినబడింది.

వాడు బతికాడు. చెయ్యి మాత్రం భుజం దాటి లేవదు. చెవుల డాక్టరు సౌండక్కకు పరీక్ష చేసి, సన్న శబ్దాలు పోయాయనీ, తిరిగి రావనీ చెప్పేశాడు.

"ముందే చెప్పుంటే" అన్నాడు తమ్ముడు ఆస్పత్రి మెట్ల మీద. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఇప్పుడు మిక్సరు దగ్గర తమ్ముడు కూర్చుంటాడు. నిచ్చెనెక్కి కొక్కేలు వేళ్లతో తడిమి చూసేది ఆమె. పాట మొదలయ్యాక వేదికవైపు చూడదు. తమ్ముడి మొహమే చూస్తూ కూర్చుంటుంది. వాడి కనుబొమ్మ కదిలితే చాలు, లేచి నిలబడుతుంది.