పాలగడ్డ అనుకున్నాం

పాపకు ఏడాది దాటింది, ఇంకా పాలు తాగుతోంది. అప్పుడే నా ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. "పాలు గడ్డకట్టినయ్ బిడ్డా, గిదేం పెద్ద ముచ్చట?" అంటూ మా అత్త వేడిగుడ్డతో కాపడం పెట్టింది. పాలు ఇంకిపోవాలని రొమ్ముకు మల్లెపూలు కట్టింది. పాపం, ఆమె తప్పేం లేదు. మా అమ్మ ఎలా పోయిందో ఆమెకు తెలియదు.

మా అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు. నాయిన మాత్రం అమ్మకు కామెర్లని ఊరంతా చెప్పాడు. మేం ఇద్దరం ఆడపిల్లలం, ఆ రోగం పేరు బయటపడితే సంబంధాలు రావని ఆయన భయం. నేనూ అదే అబద్ధం మోసుకుని మహబూబాబాద్‌కు కాపురానికి వచ్చాను.

పూలు కట్టినా గడ్డ తగ్గలేదని అత్తే దవాఖానకు తీసుకెళ్లింది. "మీ ఇంట్ల ఎవరికన్నా క్యాన్సర్ ఉండెనా?" అని డాక్టరమ్మ సూటిగానే అడిగింది. అత్త పక్కనే కూర్చుని ఉంది.

"లేదు మేడం. మా అమ్మ కామెర్లతోని పోయింది" అన్నాను.

నా నోరు పడిపోను! నిజం చెప్పి ఉంటే ఆ రోజే పరీక్షలకు పంపేది. మందులు రాసి, తగ్గకపోతే పదిహేను రోజులకు రమ్మంది. పత్తి ఏరే పని, పాప జ్వరాలు అంటూ సాకులు చెప్పుకుని ఎనిమిది నెలలు పోలేదు. అసలు సంగతి భయం. వరంగల్ వెళ్లేసరికి ఎముకల్లోకి పాకింది. ఇక నయం కాదని, నొప్పి తగ్గేలా మాత్రం చూస్తామని చెప్పేశారు.

పాపకిప్పుడు మూడేళ్లు. మందులకు జుట్టు ఊడిన నా గుండు నిమిరి కిలకిలా నవ్వుతుంది. అది బడికి పోయేదాకా ఉంటానో లేదో. నాయిన మీద కోపం, దేవుడి మీద కోపం, అందరికంటే నా మీద నాకే ఎక్కువ.

మొన్న జనగామ నుంచి చెల్లె వచ్చింది. దానికి సంబంధం కుదిరింది. చేయి పట్టుకుని బతిమాలాను.

"రేపే పోయి పరీక్ష చేయించుకోవే. నాకింకేం వద్దు."

"నాయిన వద్దంటున్నడక్కా. లగ్గమైనంక పోత."

"నన్ను చూసినంక గూడ గదే మాటనా? సిగ్గుండాలె!" అని అరిచాను.

అది తల దించుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత నా చేయి తీసుకుని తన జాకెట్టు మీద పెట్టుకుంది.

"చిన్నదే అక్కా. ఎవలకు చెప్పకు."