ఎండలో చినుకుల చప్పుడు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, రాయకోట దారిలో మాకు పన్నెండు మామిడిచెట్లు మిగిలి ఉండేవి. వాటి చుట్టూ ఉన్న తోటంతా ఒకప్పుడు మాదే. ఆ మాట మా తాతయ్య ఎన్నడూ పైకి అనేవారు కాదు. గంజి పెట్టిన పంచె కట్టుకుని, ఎవరి అరుగు మీదా కూర్చోకుండా, నిటారుగా నడిచి వెళ్లేవారు. ఆ నడక నాకూ వచ్చింది.

ఒక ఏడు పూతకు తేనెమంచు పురుగు పట్టింది. గోధుమగింజంత పురుగు, రసం పీల్చి పూతను నల్లగా మాడ్చేస్తుంది. ఒక్క కాయ నిలవలేదు. మరుసటి ఏడూ అలాగే పోతే ఆ చెట్లనూ వదులుకోవాల్సి వస్తుందని అమ్మ ఏడవడం విన్నాను. మందు కొట్టే పంపు పక్కతోట అక్క దగ్గర ఉంది. ఆమె నాన్న ఒకప్పుడు మా తోటకు కాపలాదారు. ఇప్పుడు ఆ తోట వాళ్లది. వాళ్లను అడగడం కన్నా పూత మాడిపోవడమే మేలని తాతయ్య పట్టుదల.

పూత విచ్చే ముందు ఒక పొద్దున ఆ అక్క నన్ను మా చెట్టు కింద నిలబెట్టి కళ్లు మూసుకోమంది. కొమ్మ పట్టి ఊపింది. ఆకుల మీద చిటపట చినుకులు. వానొస్తోందన్నాను. కళ్లు తెరిస్తే ఎండ. అవి పురుగులనీ, ఎగిరి ఆకులకు తగులుతున్నాయనీ చెప్పింది. మా చెట్లకు పురుగు పట్టిందని తాతయ్యతో మాత్రం అనొద్దంది.

"ఆ మాట ఆయప్ప నోటితోనే రావల్ల నాయనా."

మర్నాడు మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మా నాయన పోయినాక ఆ చప్పుడు ఇనేవాళ్లు మా ఇంట్లో లేరయ్యా. ఆయనకు నేర్పించింది మీరే కదా. యా చెట్టుకు మందు కొట్టల్లో రవ్వంత ఇని చెప్పండి."

తాతయ్య పైపంచె సర్దుకుని లేచారు. ఏళ్ల తరవాత ఆ గట్టు దాటారు. ఆమె కొమ్మలు ఊపుతుంటే కళ్లు మూసుకుని విన్నారు. చాటలో నాలుగు ఆవాలు జారినట్టుంటే వదిలేయమన్నారు, తేనెటీగలు రావాలి కదా అని. చినుకుల్లా ఉంటే మానుకు సున్నం గుర్తు పెట్టించారు. అలా వింటూ వింటూ మా చెట్ల కిందికి వచ్చేశాం. అక్కడ కొమ్మ తానే పట్టి ఊపి విన్నారు.

"ఇవి కూడా," అన్నారు మెల్లగా.

"అట్లయితే గుర్తు పెట్టిన వాటన్నిటికీ ఒకే పూట కొట్టల్ల. మీవి వదిలితే పురుగు మళ్లా మా తోటలోకే దూకుతుందయ్యా," అంది అక్క.

తాతయ్య అనుమతి ఇస్తున్నట్టు తల ఊపారు.

ఆ ఏడు కాయ నిలిచింది, చెట్లు మాకు మిగిలాయి. అక్క ఆట ఆయన గ్రహించారో లేదో నాకు తెలియదు. తొలి కోత కోసిన రోజు మాత్రం ఒక బుట్ట తానే మోసుకెళ్లి, వాళ్ల అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చారు.

నేను ఇప్పటికీ సులువుగా తల వంచే మనిషిని కాను. కానీ ఎవరికైనా సాయం చేయవలసి వస్తే, ముందు వాళ్లకు తెలిసిన పని ఏదో ఒకటి అడిగి చెప్పించుకుంటాను. వాళ్లు చెబుతున్నంతసేపూ నా చెవుల్లో ఆ ఎండపూట చినుకులు పడుతూనే ఉంటాయి.