మేడం ఇంటి బోరు నీళ్ళు

మా మేడం పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో కూర్చుని పిల్లల రికార్డులు దిద్దుతున్నాను. నిద్రలోనే పోయారట. "రాత్రి మాత్రలు వేసుకున్నరా?" అని అడిగాను. పోయిన మనిషి గురించి అడగవలసిన మాటేనా అది!

మేడం ఇదే ల్యాబ్‌లో నాకు కెమిస్ట్రీ నేర్పారు. రిటైరయ్యాక తార్నాకలోని తన ఇంటి పై వాటా నాకు అద్దెకిచ్చారు. కర్నూలు మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఎవరేం చెప్పినా "ఎట్ల తెల్సు నీకు?" అని అడగడం ఆమె అలవాటు. ఈరోజు ఎండ ఎక్కువగా ఉందన్నా అదే ప్రశ్న.

ఆ ఇంటి బోరు నీళ్ళకు కుళాయిల మీద తెల్లగా పెచ్చు కట్టేది. సబ్బు నురగ వచ్చేది కాదు. నా జుట్టు పీచులా అయింది. వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టిద్దామని నేనే పోరు పెట్టాను. దానికి కావలసిన ఉప్పు మూటలు తెచ్చి పోసిందీ నేనే. "నురగ చూడమ్మా, ఎంత బాగా వస్తాందో!" అని మేడం మురిసిపోయారు. క్యాన్ నీళ్ళు ఆమెకు నచ్చవు. తాగడానికీ వంటకీ ఆ కుళాయి నీళ్ళే వాడేవారు.

కొన్ని నెలలకు ఆమె గుండె బలహీనపడిందని, ఉప్పు బాగా తగ్గించాలని డాక్టర్ చెప్పారు. మేడం పచ్చళ్ళు మానేసి చప్పిడి పప్పు తిన్నారు. అయినా కాళ్ళ వాపు తగ్గలేదు. "నాకు చెప్పకుండ ఏమన్న తింటున్నరా మేడం?" అని అనేశాను. ఆమె కోపగించుకోలేదు. కుళాయి తిప్పి గ్లాసులో నీళ్ళు పట్టి చూశారు.

మర్నాడు రెండు సీసాలతో నా వెంట క్యాంపస్‌కు వచ్చారు. ఒకదాంట్లో నేరుగా బోరు నీళ్ళు, రెండోదాంట్లో సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన నీళ్ళు. సోడియం కొలిచి చూశాం. రెండో సీసాలో ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. సాఫ్ట్‌నర్ నీళ్ళలోని కాల్షియంను పట్టుకొని బదులుగా సోడియం వదులుతుంది. నాలుకకు ఉప్పగా తగలదు. ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసిన సంగతి మా ఇద్దరికీ వంటింట్లో ఎందుకు గుర్తురాలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

"గిదంతా నా వల్లనే అయిందా మేడం?" అని ఏడ్చేశాను.

"ఎట్ల తెల్సు నీకు? గుండె ముందే చెడిందేమో. వాపులో నీళ్ళ పాలు కొంత ఉందేమో. తెలీనిదాన్ని తెలీదనే రాయల్ల," అన్నారు.

ఆ వారమే ప్లంబర్‌ను పిలిచి, సాఫ్ట్‌నర్‌తో సంబంధం లేకుండా వంటింటికి వేరే పైపు వేయించారు. డాక్టర్ మంచిపని చేశారన్నారు. అప్పుడే మాత్రలు కూడా మార్చారు. వాపు తగ్గింది. నీళ్ళు మార్చినందుకో, మాత్రలు మార్చినందుకో! తర్వాత రెండేళ్ళు మేడం సాయంత్రాలు నాతో క్యాంపస్‌లో నడిచారు.

కర్మలయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్ళి అడిగాను, ఆమె ఆ నీళ్ళు తాగిన నెలలే ప్రాణం మీదికి తెచ్చాయా అని.

"చెప్పలేనమ్మా. జబ్బు పెద్దది. అందులో నీళ్ళది చిన్న భాగం. అసలు లేదని మాత్రం అనలేను," అన్నారాయన.

ఊరట పడాలో కుమిలిపోవాలో తెలియలేదు. తార్నాక బస్సనుకొని ఇంకేదో ఎక్కి రామంతాపూర్‌లో దిగాను.

పోయే ముందురోజు సాయంత్రం కూడా మేము నడిచాం. దారిలో ఒక తోపుడు బండి దగ్గర మేడం నేరేడు పళ్ళు కొన్నారు. బండాయన ఉప్పు చల్లబోతే "వద్దప్పా" అని చెయ్యి అడ్డం పెట్టారు. పళ్ళన్నీ తిని, చెట్ల కింద ఆగి, "చూడమ్మా" అంటూ నాలుక బయటపెట్టారు. పక్కనుంచి విద్యార్థులు పోతూనే ఉన్నారు. డెబ్బై దాటిన మా మేడం ఊదారంగు నాలుకతో నవ్వుతూ నిలబడ్డారు.