షవ్వాల్ నెలవంక, మా ట్రాన్స్‌ఫార్మర్

నాలుగేళ్ళ కిందట, నడివేసవి కత్తిరి ఎండలు మొదలయ్యే ముందు, నన్ను తమిళనాడులో పళ్ళిపట్టు దగ్గర ఒక సబ్‌స్టేషన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి పోస్టింగు. చేరిన వారానికే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆయిల్ కారుతోందని తేలింది. అది కాలిపోతే చుట్టుపక్కల మరమగ్గాలన్నీ మూలపడతాయి. లీకు మూశాక ఆయిల్‌ను వడగట్టి మళ్ళీ నింపే యంత్రం తిరువళ్ళూరు నుంచి ఒకే ఒక్క రోజుకు దొరికింది. నేను సెలవుల జాబితా చూసి, రంజాన్ పండగ మర్నాటికి షట్‌డౌన్ ప్రకటించేశాను. పండగా చెడదు, పనీ ఆగదు అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మసీదు ఇమాంగారిని ఊరంతా హజ్రత్ అంటారు. ఆ పెద్దాయన నా నోటీసు పట్టుకొని వచ్చారు.

"పండగ తేదీ మీరు రాసేసినారు సార్. చంద్రుడు యింకా రాయలేదే!"

ఆయన విడమరిచి చెప్పాక గానీ నాకు సంగతి తెలియలేదు. రంజాన్ నెలకు ఇరవై తొమ్మిది రోజులో, ముప్పయ్యో ముందుగా ఖాయం కాదు. ఇరవై తొమ్మిదో సాయంత్రం, మగ్రిబ్ నమాజు వేళ, హిలాల్ అనే కొత్త నెలవంక కనబడితే షవ్వాల్ నెల అప్పుడే మొదలవుతుంది, తెల్లవారితే పండగ. కనబడకపోతే ఇంకొక ఉపవాసం ఉంటుంది, పండగ సరిగ్గా నా షట్‌డౌన్ రోజున పడుతుంది. కరెంటు లేకపోతే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్ళుండవు, మైకుండదు. యంత్రాన్ని వదులుకుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు గ్యారంటీ లేదు.

ఆ ఇరవై తొమ్మిదో సాయంత్రం మా కంట్రోల్ రూము మిద్దె మీదికే అందరం ఎక్కాం. నేను ఆత్రంగా తూర్పున వెతుకుతుంటే హజ్రత్ నా భుజాలు పట్టి పడమటికి తిప్పారు. సూర్యుడు దిగిన చోటే, కాస్త పైన చూడాలట. నలభై ఏళ్ళ సర్వీసులో నేనంత సంబరంగా ఆకాశం చూసిందే లేదు! మబ్బు పొరలు కదులుతున్నాయి. ఎవరికీ ఏమీ కనబడలేదు.

"అదో! నేను చూసినాను!" అని మా ఫోర్‌మన్ మునిరత్నం కేకేశాడు. ఆ మాటకు ఎగిరి గంతేసినంత పనిచేశాను. పై ఆఫీసరుకు చెబుదామని ఫోన్ కూడా తీశాను.

హజ్రత్ మాత్రం కదలలేదు. షహాదత్, అంటే సాక్ష్యం, తమవాళ్ళే ఇవ్వాలని, అయినా చోటు చెబితే తామూ చూస్తామని అన్నారు. "యాడుంది నాయనా? కొమ్ములు ఏ పక్కకుండాయి?"

"కిందికి" అన్నాడు మునిరత్నం.

ఆయన నవ్వేశారు. కొమ్ములు సూర్యుడికి పెడమొహంగా ఉంటాయి, సూర్యుడు కిందికి దిగిపోయాక పైకే చూస్తాయి. మునిరత్నం తల గోక్కున్నాడు. "ట్రాన్స్‌ఫార్మర్ కోసరం అట్లన్నాను, సార్." నెలవంక కనబడలేదనే చెన్నైలోని పెద్ద ఖాజీ నుంచీ కబురు వచ్చింది.

దాంతో పండగకు ముందు ఒక రోజు చేతిలో మిగిలింది. ఆ రోజు మసీదు ట్యాంకులన్నీ నింపించాను. హజ్రత్ పండగ నమాజును పొద్దు పొడిచిన కాసేపటికే పెట్టించారు. అది ముగిశాక, తొమ్మిదింటికి లైను ఆపాం. మధ్యాహ్నం యార్డుకు పండగ పాయసం షీర్ ఖుర్మా వచ్చింది, మునిరత్నానికి రెండు గ్లాసులు!

నాలుగింటికి పని పూర్తయింది. ఆపిన లైను మీద పనిచేసేవాళ్ళ రక్షణకు దాన్ని గొలుసులతో భూమికి కలుపుతాం. కరెంటు ఎక్కించే ముందు వాటిని తీసేయాలి, ఒక్కటి మరిచినా పేలుతుంది.

"అన్నీ తీసేసినాము సార్, ఎక్కించేయొచ్చు" అన్నాడు మునిరత్నం. ఎప్పుడూ ఆ మాట మీదే సంతకం పెట్టేవాణ్ణి. ఆవేళ ఎందుకో నోట్లోంచి ఊడిపడింది.

"కొమ్ములు ఏ పక్కకుండాయి, మునిరత్నం?"

మునిరత్నం నవ్వబోయి ఆగాడు. యార్డులోకి పరుగెత్తాడు. మూడో ఫేజు తీగ మీద గొలుసు ఇంకా వేలాడుతూనే ఉంది. అతనే దాన్ని విప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఎవరినీ "అయిందా?" అని అడగలేదు. "ఏం చూశావు?" అని అడిగి, జవాబు విన్నాకే సంతకం పెట్టాను.