విప్పమ్మ గులాబీ

మా ఎంబ్రాయిడరీ సంఘం అధ్యక్షురాలు ఏ కుట్టునీ ముందువైపు నుంచి చూడదు. గుడ్డ చేతికి రాగానే తిరగేస్తుంది, వెనక దారం ముడులు వెతుకుతుంది, "విప్పు" అంటుంది. అలా ఆవిడ పేరు విప్పమ్మగా స్థిరపడిపోయింది. అసలు పేరు రిజిస్టర్లో ఉంది. తీసి చూసే ఓపిక ఎవరికీ లేదు.

ఒకసారి నాకు జ్వరమొస్తే పలకరించడానికొచ్చింది. "ఎలా ఉందే?" అంటూనే నా తలకింద దిండు లాగి, గలీబు తిరగేసింది.

"ఈ ఆకు నువ్వే కుట్టావా?"

"అవునక్కయ్యా."

"విప్పు."

జ్వరం నూట రెండు. విప్పాను.

పద్నాలుగేళ్ళుగా నేను ఈ సంఘానికి కార్యదర్శిని. ఎవరూ ఒప్పుకోకపోతే నా నెత్తిన పడింది. విప్పమనేది ఆవిడ. ఏడ్చినవాళ్ళని బుజ్జగించేది, దారాలు తెచ్చేది, గది ఊడ్చేది నేను. నిజం చెప్పొద్దూ, అలిసిపోయాను. రెండుసార్లు రాజీనామా రాసిచ్చాను. కాగితం తిరగేసి, వెనక ఏమీ లేదని తిరిగిచ్చేసింది.

కిందటేడు ఒకామెను ఆడపడుచు తీసుకొచ్చి దిగబెట్టింది. "మా అన్నయ్య పోయినప్పట్నుంచి వదిన ఎవరితోనూ మాట్లాడట్లేదండీ. చేతిలో ఏదైనా పనుంటే మంచిదని..."

మా నియమం ఒకటే. పరీక్షకి ఒక గులాబీ కుట్టాలి. అది పాసయ్యేదాకా కుర్చీ, ఫ్రేము, దారం సంఘానివి. పాసైతే పని ఇంటికే పంపుతాం, కుర్చీ ఇంకొకరికిస్తాం.

ఆమె రెండోవారానికే ముచ్చటగా కుట్టింది. విప్పమ్మ తిరగేసి, "విప్పు" అంది. ఆమె కిక్కురుమనకుండా విప్పింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ విప్పింది. ఐదు నెలలు అదే గులాబీ. గుడ్డ జల్లెడైపోయింది. కుర్చీ కోసం నలుగురు కాచుకుని ఉన్నారు, వాళ్ళ తిట్లన్నీ నాకు.

ఓపిక నశించి ఆ గుడ్డ నేనే తిరగేశాను. వెనక ఒక్క ముడి లేదు. విప్పమ్మను వరండాలోకి లాక్కెళ్ళాను.

"తప్పెక్కడుందక్కయ్యా?"

"లేదు."

"మరి?"

"పాసైతే రేపట్నుంచి ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చుంటుంది. ఇక్కడైతే కనీసం నీ సణుగుడు వింటుంది. ఆ పిల్ల నోరు విప్పేదాకా ఆ పువ్వు విప్పాల్సిందే."

ఇన్నేళ్ళు ఈవిడ పక్కనే ఉండి ఏం చూశానా అని సిగ్గేసింది.

తరవాతి సోమవారం విప్పమ్మ మామూలుగా గుడ్డ తిరగేసి "విప్పు" అంది. ఆమె కత్తెర తీసుకోలేదు.

"ఎందుకు విప్పాలి?"

గదిలో సూదులన్నీ ఆగిపోయాయి.

"ఐదు నెలల్నుంచి చూస్తున్నా. తప్పేదో ఒక్కసారి కూడా చూపించరు! కళ్ళు కనబడకపోతే అద్దాలు మార్చుకోండి! నా వేళ్ళు చూడండి, ఎలా అయ్యాయో!"

ఐదు నెలల మాటలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. కుర్చీ బాగోలేదంది, దారం నాసిరకమంది, నేను గది సరిగ్గా ఊడవనని కూడా అంది. విప్పమ్మ చెంపకి చెయ్యానించుకుని, కచేరీకి వచ్చినట్టు వింది. అంతా అయ్యాక నావైపు తిరిగింది.

"పాస్ అని రాసెయ్యవే. ఇంక కష్టమంతా వాళ్ళింట్లోవాళ్ళది."